ఎర్ర బల్బు ఆరాలి

వేడినీళ్ళు పోసేసరికి బ్యాటరీ టెర్మినల్ మీద పేరుకున్న తెల్లటి బూజు నురగలు కక్కుతూ కరిగిపోయింది. డైనమో అరిగిపోయిన పళ్ళ బ్రష్షుతో దాన్ని గీకి, ఇంకాసిని నీళ్ళు పోశాడు. నీళ్ళు షెడ్డు ముందున్న కాలవలోకి పారాయి. వేళ్ళ చివర్లు ఎప్పట్లాగే చురుక్కుమన్నాయి. ఆసిడ్ తిని తిని ఆ వేళ్ళ మీద గీతలు పోయాయి. ఒకసారి ఏదో ఆఫీసులో వేలిముద్ర వెయ్యమంటే అక్కడి యంత్రం అతన్ని మనిషిగా ఒప్పుకోలేదు. వరసలో వెనక నిలబడ్డవాళ్ళు నవ్వారు. అతనూ నవ్వాడు. ఇంకేం చేస్తాడు?

అతని అసలు పేరు ఇప్పుడు కరెంటు బిల్లుకి తప్ప ఎవరికీ అక్కర్లేదు. అందరికీ అతను డైనమో. బండ్ల కరెంటు పని చేస్తాడు. ఆరో తరగతి మధ్యలో బడి మానేసి మేస్త్రీ దగ్గర చేరినవాడు. బడి మానేసినందుకు ఇంట్లో ఎవరూ ఏడవలేదు, మాస్టారైతే హాయిగా ఊపిరి పీల్చుకునే ఉంటాడు. మేస్త్రీ తిట్టి నేర్పాడు, కొట్టి నేర్పాడు, చివరికి షెడ్డు అతని చేతిలో పెట్టి పోయాడు. షెడ్డంటే రేకుల కప్పు, ఒక షట్టరు, గోడకి మేకుల మీద వేలాడే బెల్టులు, నూనె తాగి నల్లబడ్డ బల్ల. వెనక ఒక గది. గదిలో ఒక మంచం, ఒక స్టవ్వు, రెండు కంచాలు. రెండో కంచం బోర్లించే ఉంటుంది. పెళ్ళాం తన అక్క పురుడు చూసుకోవడానికి చిన్న సంచితో వెళ్ళింది. పురుడైంది, బారసాలైంది, ఆ పిల్ల పెద్దదై ఉద్యోగం కూడా చేస్తోంది. ఆవిడ రాలేదు. గొడవేం లేదు. గొడవుంటే సర్దుకోవడానికైనా ఏదో ఒకటి ఉండేది.

"ఏం డైనమో, మీ ముసలి పెళ్ళికూతురు ఇవాళ వస్తోందటగా?" పక్కన పంక్చర్లు వేసే ఆయన ట్యూబుని నీళ్ళలో ముంచుతూ అడిగాడు.

"ఎవరు చెప్పారు?"

"రాత్రి డ్రైవరన్న ఫోను నువ్వెత్తలేదని నాకు చేశాడు. నీ ఫోనుకి ఛార్జింగు ఉండదా? ఊరందరికీ ఛార్జింగు పెట్టేవాడివి!"

తన మాటకి తనే నవ్వుకున్నాడు. డైనమో నవ్వలేదు గానీ లోపలికి వెళ్ళి చొక్కా మార్చుకున్నాడు. ఉతికిన చొక్కా. దాని మీద కూడా ఆసిడ్ చిల్లులున్నాయి, కాకపోతే చిన్నవి.

ముసలి పెళ్ళికూతురంటే పొడుగాటి గోధుమరంగు కారు. గుండ్రటి దీపాలు, ముందు సీటంతా ఒకటే బల్లలా ఉంటుంది. అలాంటి కార్లు తయారు చెయ్యడం ఎప్పుడో మానేశారు. దాన్ని తోలేది డ్రైవరన్న. ఒక పెద్దాయన ఇంట్లో చిన్నతనం నుంచీ అదే పని, వెనక గదిలో కాపురం, కాపురమంటే ఒక్కడే. ఆ కారుకి రెండు మూడు నెలలకోసారి ఏదో ఒకటి వస్తుంది. హారను పలకదు, వైపరు కదలదు, ఏదీ లేకపోతే ఏదో వాసనొస్తోందంటాడు. వచ్చినరోజల్లా బోర్లించిన డబ్బా మీద కూర్చుని మాట్లాడుతూనే ఉంటాడు. పెద్దాయన కోపాలు, పెద్దాయన కొడుకుల పిసినారితనం, దారిలో చూసిన ప్రమాదాలు. డైనమో వింటాడు. మిగతా రోజుల్లో డైనమో నోట్లోంచి వచ్చే మాటలు మూడే: స్టార్ట్ చెయ్, ఆపు, రేపు రా.

కారు దగ్గుకుంటూ వచ్చి షెడ్డు ముందు ఆగింది. డ్రైవరన్న ఇంజను ఆపబోయాడు.

"ఆపొద్దన్నా. ఆపితే మళ్ళీ లెగదు." డైనమో కిటికీలోంచి తల పెట్టి చూశాడు. స్పీడు చూపించే గుండ్రటి గడియారం కింద చిన్న ఎర్ర బల్బు వెలుగుతోంది. ఇంజను మొదలవగానే వెలిగి, కాస్త వేగం అందుకోగానే ఆరిపోవాల్సిన బల్బు అది. ఆరకపోతే ఇంజను పక్కనుండే డైనమో కరెంటు పుట్టించడం లేదని, బండి బ్యాటరీలో దాచుకున్నది తింటూ నడుస్తోందని అర్థం. "ఎప్పట్నుంచి?"

"నిన్నట్నుంచి. ఇవాళైతే కళ్ళార్పకుండా నన్నే చూస్తోంది." డ్రైవరన్న దిగాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. తలకి రంగు కూడా వేసుకున్నాడు, చెవి మీద నల్లగా అంటింది. "ఒరేయ్, ఇవాళ దీన్ని బాగు చేసి తీరాలిరా. అమ్మేశారు."

"ఎవరు?"

"పెద్దాయన కొడుకులు. ఇల్లమ్మారుగా, ఇదీ అమ్మారు. కొన్నాయన పాత కార్లు పోగేసుకునే మనిషట. సముద్రం పక్క. ఇక్కడ్నుంచి పొద్దస్తమానం ప్రయాణం."

"లారీ మీద పంపొచ్చుగా అన్నా."

"ఆయనా అదే అన్నాడు. నేనే వద్దన్నాను. ఫోన్లో ఏమన్నాడో తెలుసా? నువ్వు తోలుకొచ్చి ఇవాళ నా గుమ్మంలో పెడితే నువ్వు కూడా ఉండిపో, దీని సంగతి తెలిసినవాడివని నమ్ముతాను; లారీ మీద వస్తే బండి చాలు, తోలడానికి నా దగ్గర మనుషులున్నారు అన్నాడు. సరదాకన్నాడో, నిజంగానే అన్నాడో. కొనేవాళ్ళ సరదాలు మనకేం తెలుస్తాయి. గ్యారేజీ మీద గది ఇస్తాడట." బానెట్టు మీద చెయ్యి వేసి, కాలడంతో తీసేశాడు. "ఇక్కడ నా గది కూడా ఇంటితోపాటే పోయింది. నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. ఈ వయసులో ఇంకో ఇంటి ముందు నిలబడి నాకు స్టీరింగు పట్టుకోవడం వచ్చండీ అని చెప్పుకోమంటావా? చీకటి పడేలోపు చేరలేను, లైట్లు వెయ్యాలి. ఛార్జింగు లేకుండా లైట్లేస్తే నడిరోడ్డు మీద ప్రాణం వదుల్తుంది. అందుకే చెప్తున్నా. ఆ ఎర్ర బల్బు ఆరాలి."

డైనమో తలూపాడు. మళ్ళీ ఎప్పుడొస్తావని అడగలేదు. అడిగే ప్రశ్న కాదది.

బానెట్టు ఎత్తాడు. బెల్టు మీద బొటనవేలితో నొక్కి చూశాడు. బిగువు సరిగానే ఉంది. డైనమో వెనకనున్న రెండు వైర్లు పీకి, ఆ రెండు కొనల్నీ ఒక రాగి ముక్కతో కలిపి, వాటికీ ఇంజను ఇనుముకీ మధ్య తన పరీక్ష బల్బు పెట్టాడు. అది మేస్త్రీ నేర్పిన పద్ధతి. ముందు డైనమోని ఒంటరి చెయ్యి, ఒంటరిగా ఉన్నప్పుడు అది ఏం చేస్తుందో చూడు, తప్పు దానిదో పక్కవాడిదో అప్పుడు తేలుతుంది. బల్బు భగ్గుమనాలి. అనలేదు. లోపలి తీగ మాత్రం ఆరబోయే బొగ్గులా ఎర్రబడింది.

"డైనమోలోనే ఉంది," అన్నాడు.

"నీలో ఏముందని అడగలేదురా, బండిలో ఏముంది?"

ఈ హాస్యం డ్రైవరన్న వచ్చిన ప్రతిసారీ ఆడేదే. డైనమో ప్రతిసారీ నవ్వేవాడు. ఇవాళ కూడా నవ్వాడు, కాకపోతే కాస్త ఎక్కువసేపు.

ఇంజను ఆపి, బ్యాటరీ దించి ఛార్జరుకి పెట్టాడు. డైనమోని విప్పి బల్ల మీదకి తెచ్చాడు. పొడుగాటి బోల్టులు రెండూ తీసి, వెనక మూతని చెక్క సుత్తితో తట్టాడు. లోపల నల్లటి బూడిద. రాగి పలకల చుట్టు మీద ఒరుసుకునే కార్బను ముక్కలు రెండిట్లో ఒకటి దాని గూట్లోనే ఇరుక్కుపోయింది, రాగిని తాకడమే లేదు. రెండోది అరిగి గోరంత మిగిలింది. రాగి పలకలు మాడి నల్లగా ఉన్నాయి.

సన్న గరుకు కాయితంతో రాగిని తుడిచాడు. నలుపు పోయి కొత్త రంగు బయటపడింది. విరిగిన రంపం బ్లేడుతో పలకల మధ్య సందులు ఒక్కొక్కటే గీకాడు. ఆ పని తొందర పెడితే చెడుతుంది. ఇప్పటి బండ్లకి ఈ పనేం లేదు. పాడైతే డబ్బా విప్పి పారేసి కొత్త డబ్బా పెట్టడమే. లోపల ఏం జరిగిందో అడిగే ఓపిక ఎవరికీ లేదు, బండినీ, మనిషినీ.

డ్రైవరన్న కారు తుడుస్తూ మాట్లాడుతున్నాడు. "సముద్రం గాలికి ఇనుము తుప్పు పడుతుందట కదరా? రోజూ తుడవాలి. తుడుస్తాలే, నాకింకేం పనుంది. నువ్వు కూడా ఓసారి రా. నిన్ను వెనక సీట్లో కూర్చోబెట్టి తిప్పుతా."

"వస్తాలే."

"ఏం వస్తావ్. పెద్దాయన పోయిన రోజు కూడా షట్టరు సగం దించి వచ్చి, సగంలో వెళ్ళిపోయావ్."

డైనమో కొత్త కార్బను ముక్కల్ని గూళ్ళలో పెట్టి, స్ప్రింగులు వాటి మీదకి దించాడు. అన్నీ బిగించి, బ్యాటరీ నుంచి వైరు తాకిస్తే డైనమో బల్ల మీదే గిర్రున తిరిగింది. బాగుపడింది. పని ఇంత తేలిగ్గా అయిపోతుందని అతననుకోలేదు. ఏదో ఒక మొండి జబ్బు, సాయంత్రం దాకా లాగేది, రేపటికి మిగిలేది ఉంటుందనుకున్నాడు. పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు.

డైనమోని కారుకి బిగించాడు. బెల్టు వేశాడు. బ్యాటరీ తెచ్చి దాని చోట్లో పెట్టాడు. వైరు చివరి క్లాంపు ఒకటి లావు టెర్మినల్ మీదకి దిగలేదు. స్క్రూడ్రైవరుతో దాన్ని వెడల్పు చేసి, సుత్తితో రెండు దెబ్బలేసి దించాడు. దిగనంటున్నప్పుడు చెయ్యి ఒకసారి ఆగింది. మనసు అక్కడ లేదు. సముద్రం పక్క గ్యారేజీ మీద గది ఎలా ఉంటుందో చూస్తోంది.

"స్టార్ట్ చెయ్."

ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. డ్రైవరన్న వేగం పెంచాడు. "ఒరేయ్, ఇది ఆరకపోగా ఇంకా..." అంటూండగానే బానెట్టు కింద టప్పుమంది. ఇంజను వెనక రేకుకి బిగించిన కటౌటు డబ్బాలోంచి, కరెంటుని బ్యాటరీకి వదిలి ఆపే ఆ చిన్న నల్ల డబ్బాలోంచి, పొగ లేచింది. వైరు తొడుగు కాలుతున్న వాసన.

"ఆపు! ఆపన్నా!" డైనమో ఉత్త చేత్తో క్లాంపు పీకేశాడు. అరచెయ్యి చుర్రుమంది.

పొగ తగ్గాక ఇద్దరూ వంగి చూశారు. ఇప్పటి బండ్లన్నిటికీ బ్యాటరీ మైనస్ కొన బాడీకి తగిలిస్తారు. ఈ పాత కారుకి తిరగేసి, ప్లస్ కొన బాడీకి. ఆ సంగతి డైనమోకి నిద్రలో లేపి అడిగినా తెలుసు. కానీ రోజూ కొత్త బండ్లకి అలవాటు పడ్డ చేతులు మైనస్‌ని బాడీకి తగిలించాయి. డైనమో ఒకవైపు, బ్యాటరీ ఒకవైపు లాగి, మధ్యలో కటౌటు కాలింది.

"ప్లస్ కదరా బాడీకి," డ్రైవరన్న మెల్లిగా అన్నాడు.

"అలవాటులో..."

"ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెయ్యలేదే." నవ్వాడు. "కావాలని చేశావా ఏంటి?" నవ్వు సగంలోనే నిలిచిపోయింది.

డైనమో కాలిన అరచెయ్యి చొక్కాకి తుడుచుకున్నాడు. కాదని చెప్పొచ్చు. కానీ ఇది నా చోటు కాదని దిగనన్న క్లాంపుని సుత్తితో కొట్టి దించిన చెయ్యి తనదే. అది ఎందుకు ఆగిందో, ఎందుకు మళ్ళీ కొట్టిందో దాన్నే అడగాలి.

కటౌటు మూత తీశాడు. వెండి చుక్కల్లాంటి పాయింట్లు రెండూ కరిగి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. తీగ చుట్టు మాడి నల్లబడింది. "డబ్బా పోయిందన్నా."

"ఇంకోటి?"

"లేదు."

ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందంటే, అది అబద్ధమని అతనికే కాస్త ఆలస్యంగా తెలిసింది. వెనక గదిలో అలమర పై అరలో, మేస్త్రీ వదిలి వెళ్ళిన సామాన్ల మధ్య, నూనె కాయితంలో చుట్టిన కొత్త కటౌటు డబ్బా ఉంది. బజారులో అలాంటిది దొరకదు. ఉందని మేస్త్రీకి తెలుసు, ఆయన లేడు. ఇంకెవరికీ తెలీదు.

"అంటే ఎలా?" డ్రైవరన్న వంగి మాడిన డబ్బాని మళ్ళీ చూశాడు. "బ్యాటరీ నిండా ఛార్జింగు పెట్టి పంపు. పోయినంత దూరం పోతా."

"పగలున్నంతసేపు పోతావు. లైట్లేశాక ఆగిపోతావు. చీకట్లో, లారీల మధ్య."

డ్రైవరన్న డబ్బా మీద కూర్చున్నాడు. ఆ డబ్బా మీద కూర్చుని ఆయన మాట్లాడకుండా ఉండడం డైనమో ఎప్పుడూ చూడలేదు. పక్కన పంక్చరాయన పంపు కొడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

"వెనక గదిలో," డైనమో అన్నాడు, "స్టవ్వు ఈ పక్కకి జరిపితే రెండో మంచం పడుతుందన్నా."

ఆ మాట అనడానికి చాలా బలం కావాల్సి వచ్చింది. పెళ్ళాం సంచి సర్దుకుంటున్నప్పుడు కూడా అతను ఉండమనలేదు. ఎవర్నీ ఎప్పుడూ ఉండమనలేదు.

డ్రైవరన్న తలెత్తి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. "నీ షెడ్డులో నేనేం చేస్తానురా? స్టీరింగు లేని చోట ఈ చేతులెక్కడ పెట్టుకోను?" రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టి చూపించాడు. పెద్ద చేతులు. ఖాళీగా ఉన్నా ఏదో గుండ్రటిది పట్టుకున్నట్టే కొద్దిగా వంగి ఉన్నాయి. "నువ్వన్నావు, చాలు. నీ మనసు నాకు తెలుసులే."

లేచి, కాస్త దూరం వెళ్ళి ఫోను చేశాడు. "అవునండీ... చిన్న ఇబ్బందండీ... లేదండీ, బండికేం కాలేదు... అలాగేనండీ, లారీ పంపండి." ఆ 'అండీ'లన్నీ ఒకదాని మీద ఒకటి పడుతూ వచ్చాయి. ఫోను జేబులో పెట్టుకుని కారు ముందు తలుపు తీశాడు. డాష్‌బోర్డు అరలోంచి తన సామాను తీసి బల్ల మీద పెట్టసాగాడు. దువ్వెన. పగిలిన కళ్ళజోడు పెట్టె. అగ్గిపెట్టె. చేతులు తుడుచుకునే గుడ్డ, మడత పెట్టింది. పెద్దాయన ఎప్పుడో మర్చిపోయిన తలనొప్పి మాత్రలు. ఒక్కొక్కటీ తీసి, ఎవరిదో చచ్చిపోయినవాడి సామాను దించుతున్నట్టు, చప్పుడు కాకుండా పెట్టాడు.

డైనమో ఆ దువ్వెన వంక చూశాడు. పళ్ళ సందుల్లో పొద్దున వేసుకున్న రంగు ఇంకా ఉంది.

లోపలికి వెళ్ళాడు. స్టూలెక్కాడు. తిరిగొచ్చి నూనె కాయితం చుట్ట బల్ల మీద పెట్టాడు.

"దొరికింది."

డ్రైవరన్న కాయితం మడత విప్పి చూశాడు. మెరుస్తున్న డబ్బా, ఒక్క గీత లేదు. "ఎక్కడ దొరికింది?"

"ఉన్నచోటే ఉంది."

ఇద్దరూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకోలేదు. డ్రైవరన్న కాయితం మడుస్తూ, "నీకు మొదట్నుంచీ చూపు తక్కువేరా," అన్నాడు. ఫోను తీశాడు. "ఏమండీ, లారీ వద్దండీ. బండి లెగుస్తుందండీ. నేనే తెస్తున్నా."

ఆ తర్వాత డైనమో చేతులు తప్పు చెయ్యలేదు. మాడిన వైర్లు తీసి కొత్తవి లాగాడు. డబ్బా బిగించాడు. ఈసారి బ్యాటరీ ప్లస్ బాడీకి; క్లాంపు తనంతట తనే కూర్చుంది. తిరగేసి తగిలించినందుకు డైనమో లోపలి ఇనుము దారి తప్పి ఉండొచ్చు. ఆ ఇనుములో కాసింత అయస్కాంతం ఎప్పుడూ మిగిలి ఉండాలి, అదుంటేనే కరెంటు పుడుతుంది, అదీ సరైన వైపుకి ఉండాలి. బ్యాటరీ నుంచి ఒక వైరు తెచ్చి డైనమో చిన్న కొనకి తాకించి తీశాడు. నీలంగా ఒక్క నిప్పురవ్వ. అంతే, మంత్రమేం లేదు. కానీ మేస్త్రీ ఆ పని చేసేటప్పుడు ఎవరినీ మాట్లాడనిచ్చేవాడు కాదు.

"స్టార్ట్ చెయ్."

ఎర్ర బల్బు వెలిగింది. వేగం అందుకోగానే రెండుసార్లు మిణుకుమని ఆరిపోయింది.

"లైట్లెయ్."

గుండ్రటి దీపాలు ఎండలో పాలిపోయినట్టు వెలిగాయి. ఎర్ర బల్బు ఆరే ఉంది. డైనమో కిటికీలోంచి తల పెట్టి, అది మళ్ళీ వెలుగుతుందేమోనని చాలాసేపు చూశాడు. వెలగలేదు.

"చాల్లేరా, దిష్టి తగుల్తుంది," అన్నాడు డ్రైవరన్న. సామానంతా తిరిగి అరలో పెట్టుకున్నాడు. కిందకి దిగి ఏదో అనబోయి, డైనమో కాలిన అరచేతిని పట్టుకుని తిప్పి చూశాడు. "ఏదైనా రాయరా దీనికి."

"రాస్తాలే."

"రాయవు. నాకు తెలుసు."

కారు ఎక్కాడు. ఒకసారి హారను కొట్టాడు, చెవులు చిల్లులు పడేలా. పంక్చరాయన లేచి చెయ్యూపాడు. గోధుమరంగు కారు మెల్లిగా వంపు దిగి, మలుపు దగ్గర ఎటూ చూడకుండా తిరిగిపోయింది. ఆ ఇంజను శబ్దం వినపడినంతసేపు డైనమో తల పక్కకి వంచి విన్నాడు. ఎక్కడా తడబాటు లేదు. మంచి పని.

ఆ తర్వాత ఒక వ్యాను వచ్చింది. స్టార్ట్ చెయ్ అన్నాడు. ఆపు అన్నాడు. రేపు రా అన్నాడు. ఎండ రేకుల మీద నుంచి దిగి, రోడ్డు మీద పొడుగ్గా సాగి, పోయింది. దూరంగా ఎక్కడో డ్రైవరన్న ఈపాటికి లైట్లు వేసే ఉంటాడు.

పంక్చరాయన కొట్టు కట్టేస్తూ, "వస్తా డైనమో," అన్నాడు. డైనమో షట్టరు దించడానికి కొక్కెం పట్టుకుని బయటికొచ్చాడు. కాలికి ఏదో తగిలింది. వంగి చూశాడు. హ్యాండ్‌బ్రేకు సరిగా పట్టని ఆ కారు వంపులో జారకుండా డ్రైవరన్న చక్రం కింద పెట్టే చెక్కముక్క. వెళ్ళేటప్పుడు కాలితో పక్కకి నెట్టినవాడు మళ్ళీ తీసి డిక్కీలో వేసుకోలేదు. డైనమో దాన్ని ఎత్తలేదు, షట్టరూ దించలేదు. ఏళ్ళ తరబడి టైరు ఆనిన వైపు చెక్క నున్నగా లోపలికి అరిగిపోయి ఉంది, ఆ గుంటలో రబ్బరు గీతలు ఒకదాని పక్కన ఒకటి నల్లగా అచ్చుపడి ఉన్నాయి.